ఆటల పిల్లలకు చక్కెర సీసాలు అవసరమా? మజ్జిగ, గంజి, అంబలి, కొబ్బరి నీళ్లలో దేనికి ఏది

క్లుప్తంగా: గంటలోపు ముగిసే ఆటకు మంచినీళ్లు చాలు. గంట దాటి, ఎండలో, విరామం లేకుండా సాగే శ్రమకు మాత్రం నీళ్లతోపాటు ఉప్పు, కొద్దిపాటి పిండి పదార్థం కావాలి. ఆ రెండూ ఉప్పు వేసిన మజ్జిగలో, గంజిలో, అంబలిలో వేర్వేరు పాళ్లలో దొరుకుతాయి. కొబ్బరి నీళ్లు, చెరకు రసం, బెల్లం పానకం మూడూ సహజమైనవే అయినా శరీరంలో చేసే పని ఒకటి కాదు. మూత్రపిండాల వ్యాధి ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి నీళ్ల విషయంలో అదనపు జాగ్రత్త అవసరం. ఎనర్జీ డ్రింకును పిల్లలకు ఇవ్వకూడదు.

లేబుల్ మీద మాట మారింది, గందరగోళం మిగిలింది

2025 అక్టోబరు 14న భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఒక కీలకమైన ఉత్తర్వు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన పాళ్లలో లేని ఏ పానీయం మీదా ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, గ్లూకోజు ద్రావణం) అనే మాట వాడకూడదని, బ్రాండు పేరుకు ముందో వెనుకో తగిలించినా తప్పేనని అందులో స్పష్టం చేసింది. 2022లోనూ, 2024లోనూ షరతులతో ఇచ్చిన అనుమతులను ఈ ఉత్తర్వుతో వెనక్కి తీసుకుంది. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పట్టు విడవకుండా సాగించిన పోరాటమే ఇందుకు ప్రధాన కారణం. దానికి మూడు వారాల ముందే, అంటే సెప్టెంబరు 22 నుంచి, గ్యాసు నింపిన తీపి పానీయాల మీద, కెఫీన్ పానీయాల మీద జీఎస్టీ 40 శాతానికి చేరింది.

ఈ రెండు నిర్ణయాల తర్వాత కూడా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆటలాడే పిల్లల తల్లిదండ్రులకు అసలు చిక్కు తీరలేదు. కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో కూల్ డ్రింకు, స్పోర్ట్స్ డ్రింకు, ఎనర్జీ డ్రింకు, ఎలక్ట్రోలైట్ పానీయం పక్కపక్కనే ఉంటాయి. రంగులు ఒకేలా మెరుస్తాయి, సీసాల మీద ఆటగాళ్ల బొమ్మలూ దాదాపు ఒకేలా ఉంటాయి. లోపల ఉన్నది మాత్రం ఒకటి కాదు. లీటరు చొప్పున లెక్క కడితే ఆ తేడా తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సోడియం సిట్రేటు ఉంటాయి. మామూలు స్పోర్ట్స్ డ్రింకులో లీటరుకు సుమారు 60 గ్రాముల చక్కెర ఉంటుంది, సోడియం దాదాపు 450 మిల్లీగ్రాములు. కూల్ డ్రింకులో చక్కెర 100 గ్రాములు దాటుతుంది, సోడియం నామమాత్రం. మొదటిది విరేచనాలతో నీరు కోల్పోయిన శరీరానికి మందు. రెండోది సుదీర్ఘ శ్రమలో ఉన్న క్రీడాకారుడికి ఇంధనం. మూడోదానికి ఆటతో సంబంధమే లేదు.

ఈ పానీయం ఎవరి కోసం పుట్టింది

స్పోర్ట్స్ డ్రింకు పుట్టుక తెలిస్తే దాని పరిమితీ తెలుస్తుంది. 1965లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్ అనే కిడ్నీ వైద్యుడు తన సహచరులతో కలిసి అక్కడి ఫుట్‌బాల్ జట్టు కోసం ఉప్పు, చక్కెర, పొటాషియం, నిమ్మరసం కలిపిన నీళ్లు తయారు చేశారు. అదే తర్వాత గేటరేడ్ అయింది. మందపాటి కవచాలు తొడుక్కుని, ఎండలో, ఉక్కపోతలో గంటల తరబడి ఆడుతూ కిలోల కొద్దీ బరువు కోల్పోతున్న భారీకాయుల కోసం చేసిన పానీయం అది. సాయంత్రం అరగంట షటిల్ ఆడి ఇంటికి వెళ్లే తొమ్మిదో తరగతి విద్యార్థి అవసరం అది కాదు.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లో ఇదే విషయం తేల్చి చెప్పింది. మామూలుగా ఆడుకునే పిల్లలకు నీళ్లే ప్రధాన పానీయం కావాలని, స్పోర్ట్స్ డ్రింకును రోజువారీ అలవాటు చేయకూడదని, ఎనర్జీ డ్రింకులకు పిల్లల ఆహారంలో చోటే లేదని ఆ నివేదిక సారాంశం. చక్కెరలు రోజు ఆహారంలోని శక్తిలో 10 శాతం మించకూడదని, 5 శాతంలోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 2000 కేలరీల ఆహారం తీసుకునేవారికి ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు. అర లీటరు స్పోర్ట్స్ డ్రింకు సీసా ఒక్కటే 30 గ్రాములు ఇస్తుంది. ఉదయం టీలో చక్కెర, బడి బయట కొన్న ఐస్‌క్రీము ఇంకా లెక్కలోకి రానేలేదు.

చెమటలో పోయేది ఏమిటి

ఎండలో గట్టిగా ఆడే పిల్లలకు గంటకు అర లీటరు నుంచి లీటరుకు పైగా చెమట పట్టవచ్చు. చెమటలో అధిక భాగం నీరే. లవణాల్లో పెద్ద వాటా సోడియానిది, అంటే ఉప్పుది. మనిషిని బట్టి మారినా, లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము వరకు సోడియం పోతుంది. పొటాషియం అందులో నాలుగో వంతు కూడా ఉండదు. ఆరిన చొక్కా మీద తెల్లటి చారలు కనిపించే పిల్లలు ఉప్పు ఎక్కువ కోల్పోతున్నారని అర్థం.

ఉత్తరాంధ్ర తీరంలో దీనికి మరో కోణం ఉంది. చెమట ఆవిరైతేనే శరీరం చల్లబడుతుంది. కళింగపట్నం, బారువ, భోగాపురం వంటి సముద్రతీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆవిరి కాకుండా ఒంటి మీంచి కారిపోతుంది. శరీరం చల్లబడకపోవడంతో ఇంకా చెమట పట్టిస్తుంది. థర్మామీటరులో ఒకే డిగ్రీలు కనిపించినా, పొడి గాలి ఉన్న ఊళ్లో కంటే ఇక్కడ ఆడే పిల్లలు ఎక్కువ నీరు, ఎక్కువ ఉప్పు కోల్పోతారు. మార్చి నుంచి జూన్ దాకా ఉదయం 7 గంటల తర్వాత సాధన సాగదీయకపోవడం ఏ పానీయం కంటే కూడా ముందు చేయవలసిన పని.

50 కిలోల బరువున్న అబ్బాయి ఆట ముగిసేసరికి ఒక కిలో తగ్గాడంటే అది శరీర బరువులో 2 శాతం. ఆ స్థాయి దాటితే పరుగు వేగం, ఏకాగ్రత తగ్గుతాయని క్రీడా వైద్యం చెబుతోంది. ఆటకు ముందు, తర్వాత తడి బట్టలు తీసేసి తూకం చూసుకుంటే ఎంత కోల్పోయిందీ తెలుస్తుంది. తగ్గిన ప్రతి కిలోకీ 1.2 నుంచి 1.5 లీటర్ల ద్రవం తర్వాతి కొద్ది గంటల్లో నెమ్మదిగా తాగాలి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీరు సరిపోతున్నట్టు, ముదురు రంగులో ఉంటే చాలనట్టు.

దీనికి వ్యతిరేక దిశలో కూడా ప్రమాదం ఉంది. మూడు నాలుగు గంటలు చెమటోడుస్తూ కేవలం మంచినీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తీవ్రమైతే మూర్ఛ రావచ్చు. దప్పికను మించి బలవంతంగా తాగించకూడదన్న సలహా అందుకే.

చక్కెర ఎప్పుడు సాయం, ఎప్పుడు అడ్డు

చక్కెరను పూర్తిగా తీసిపారేయలేం. చిన్నపేగు గోడల్లో సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి లాగే వాహకం ఒకటి ఉంది. ఆ రెండూ కలిసి వెళితే వాటి వెంట నీరూ వేగంగా లోపలికి వెళుతుంది. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ సూత్రం మీదే ఓఆర్‌ఎస్ నిలబడింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా ప్రబలినప్పుడు వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతో వేలమంది ప్రాణాలు నిలబెట్టింది కూడా దీనితోనే.

అయితే ఈ పనికి కావలసిన గ్లూకోజు చాలా తక్కువ. లీటరుకు 13.5 గ్రాములు సరిపోతున్నాయి. మోతాదు పెరిగిన కొద్దీ కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గుతుంది. 8 శాతం, అంటే లీటరుకు 80 గ్రాములు, దాటిన తీపి ద్రవం కడుపులో నిలిచిపోయి బరువుగా, వికారంగా అనిపిస్తుంది. అలాంటి గాఢ ద్రవం పేగులోకి దిగాక పలచబడటానికి మొదట శరీరంలోని నీటినే తనవైపు లాక్కుంటుంది. మండుటెండలో ఆట మధ్య కూల్ డ్రింకు తాగిన పిల్లలకు కడుపులో తిప్పినట్టు ఉండటం ఇందుకే.

చక్కెరకు రెండో పని ఇంధనంగా పనికిరావడం. కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండి పదార్థం గట్టి శ్రమకు గంట నుంచి గంటన్నర వరకు సరిపోతుంది. అంతకంటే ఎక్కువసేపు ఆగకుండా శ్రమించేవారికి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం అందితే పట్టు తప్పదు. స్పోర్ట్స్ డ్రింకుకు నిజమైన చోటు ఇక్కడే. లాంగ్ డిస్టెన్స్ పరుగు, వరుస మ్యాచ్‌ల టోర్నమెంటు, ఎండలో రెండు గంటల ఫుట్‌బాల్ వంటివి ఆ కోవలోకి వస్తాయి. అక్కడ కూడా ఒక అరటిపండు, నీళ్లు, చిటికెడు ఉప్పు కలిస్తే అదే పని జరుగుతుంది.

పళ్ల సంగతి కూడా చూడాలి. నోటిలో పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, ఇది తగ్గిన కొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కంటే దిగువకు పోతే పంటి పింగాణి పొర కరగడం మొదలవుతుంది. స్పోర్ట్స్ డ్రింకుల పీహెచ్ సాధారణంగా 3, 4 మధ్య ఉంటుంది. ఆట మధ్యలో గుక్క గుక్కగా గంటసేపు తాగితే ఆ ఆమ్లం, చక్కెర గంటసేపూ పళ్లను అంటిపెట్టుకునే ఉంటాయి. నిమ్మకాయ నీళ్లు కూడా ఆమ్లమే కాబట్టి తాగాక నోరు పుక్కిలించడం మంచిది.

ఎనర్జీ డ్రింకు వేరే సంగతి

స్పోర్ట్స్ డ్రింకును, ఎనర్జీ డ్రింకును ఒకటే అనుకోవడం ఈ విషయంలో అతి ప్రమాదకరమైన పొరపాటు. ఎనర్జీ డ్రింకులో చక్కెరతో పాటు కెఫీన్ ఉంటుంది. మన నిబంధనల ప్రకారం అలాంటి పానీయంలో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చు. పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు తగదన్న హెచ్చరిక సీసా మీద ఉండి తీరాలి. ఆ హెచ్చరిక చిన్న అక్షరాల్లో వెనుక వైపు ఉంటుంది, ముందు వైపు మెరుపు గుర్తు ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసాలో 75 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండగలదు కాబట్టి, 40 కిలోల పిల్లాడు రెండు సీసాలు తాగితే గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చేతుల వణుకు రావడంలో ఆశ్చర్యం లేదు. కెఫీన్ అలసటను తీర్చదు, అలసట తెలియకుండా చేస్తుంది. ఎండలో ఆడే పిల్లలకు అలసట తెలియడం రక్షణ.

నీరసానికి అసలు కారణం వేరే ఉండే అవకాశాన్ని కూడా ఈ సీసాలు కప్పిపెడతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం రాష్ట్రంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. పరుగులో త్వరగా ఆయాసపడే అమ్మాయికి కావలసింది హిమోగ్లోబిన్ పరీక్ష, ఐరన్ మాత్ర, ఆకుకూర, గుడ్డు.

మజ్జిగ లెక్క

ఇంటి పానీయాల్లో ఆటకు అత్యంత దగ్గరగా నిలిచేది ఉప్పు వేసిన పలుచని మజ్జిగ. ఒక లీటరు పెరుగును నాలుగు లీటర్ల నీళ్లతో చిలికి, ఒక చెంచా ఉప్పు, అంటే సుమారు 5 గ్రాములు, కలిపితే 5 లీటర్ల మజ్జిగ తయారవుతుంది. గ్రాము ఉప్పులో సుమారు 400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది కాబట్టి లీటరు మజ్జిగకు ఉప్పు నుంచే దాదాపు 400 మిల్లీగ్రాములు, పెరుగు నుంచి మరికొంత అందుతుంది. స్పోర్ట్స్ డ్రింకులో ఉండే సోడియం ఇంచుమించు ఇంతే. తీపి మాత్రం లీటరుకు 60 గ్రాముల బదులు, పాలలో సహజంగా ఉండే చక్కెర 10 గ్రాముల లోపే. దానికి తోడు కాల్షియం, కొంత మాంసకృత్తి. మజ్జిగా పుల్లనిదే అయినా అందులోని కాల్షియం పంటి పొర కరగకుండా అడ్డుపడుతుంది.

పాల సంగతికొస్తే ఒక పరిశోధన గుర్తు చేసుకోవాలి. 2016లో బ్రిటన్ శాస్త్రవేత్తలు 72 మంది పురుషులకు విశ్రాంతిగా ఉన్నప్పుడు 13 రకాల పానీయాలు ఇచ్చి, తాగిన దానిలో ఎంత శరీరంలో నిలిచిందో కొలిచారు. పాలు, ఓఆర్‌ఎస్ అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచాయి. స్పోర్ట్స్ డ్రింకు మంచినీళ్లకంటే మెరుగ్గా కనిపించలేదు. పాలలోని మాంసకృత్తి, లవణాలు నీటిని నెమ్మదిగా లోపలికి వదలడమే దీనికి కారణం. ఆట మధ్యలో పాలు కడుపుకు బరువు. ఆట ముగిశాక గ్లాసుడు పాలు, గుప్పెడు వేరుసెనగలు తీసుకుంటే కండరాల మరమ్మతుకు బాగా పనికొస్తాయి.

గంజి, తరవాణి, చోడి అంబలి

అన్నం వార్చిన గంజిలో ఉప్పు వేసి పిల్లలకు పట్టించడం ఈ జిల్లాల్లో పాత అలవాటు. దాని వెనుక గట్టి శాస్త్రమే ఉంది. గంజిలోని పిండి పదార్థం పొడవాటి గొలుసుల రూపంలో ఉంటుంది. అంతే బరువున్న చక్కెరతో పోలిస్తే కరిగిన కణాల సంఖ్య చాలా తక్కువ కాబట్టి అది పేగులోకి నీటిని లాక్కోదు. అక్కడ కొంచెం కొంచెంగా విడిపోయి గ్లూకోజు ఇస్తుంది, దాని వెంట సోడియం, నీరు లోపలికి వెళతాయి. కలరా రోగులకు బియ్యప్పిండితో చేసిన ఓఆర్‌ఎస్ బాగా పనిచేయడానికి కారణం ఇదే. ప్రెషర్ కుక్కరు వచ్చాక వార్చడం తగ్గి, గంజి చాలా ఇళ్లలో కనిపించకుండా పోయింది. ఆట ఉన్న రోజు ఒక గుప్పెడు నూకలు ఎక్కువ నీళ్లలో ఉడికించి వడకట్టుకోవడం పెద్ద పని కాదు.

గంజిని, బియ్యం కడుగును కుండలో పోసి పులియబెట్టే తరవాణి ఇంకొక పాత పద్ధతి. దానిలో తేలిన చద్దన్నం, పచ్చి ఉల్లిపాయ, కొద్దిగా ఉప్పు ఉదయాన్నే పొలానికి వెళ్లే రైతు ఆహారం. నీరు, ఉప్పు, పిండి పదార్థం మూడూ అందులో ఉన్నాయి. అయితే కుండ శుభ్రంగా లేకపోతే, పోసే నీరు మంచిది కాకపోతే పులిసేది మేలు చేసే సూక్ష్మజీవులతోనే అని చెప్పలేం. కాచి చల్లార్చిన నీళ్లు వాడటం, కుండను తరచు వేడినీళ్లతో కడిగి ఎండబెట్టడం తప్పనిసరి.

చోళ్లను, అంటే రాగులను, అంబలిగా కాచుకోవడం ఇక్కడ ఇంకా బతికి ఉన్న అలవాటు. చోడి పిండిని ముందురోజు రాత్రి నీళ్లలో కలిపి పులియనిచ్చి, తెల్లారి నూకలు ఉడుకుతున్న ఎసట్లో ధారగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు కలుపుతారు. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. 30 గ్రాముల పిండితో కాచిన గ్లాసు అంబలిలో 100 మిల్లీగ్రాములు, మజ్జిగది అదనం. 13–15 ఏళ్ల పిల్లలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలన్నది జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఎముకలు పెరిగే వయసులో ఇది చిన్న వాటా కాదు. గంటెలతో, అంటే సజ్జలతో, కాచిన అంబలి కూడా శక్తికి మంచిదే, కాల్షియం మాత్రం చోళ్లంత ఉండదు. 2023 నుంచి ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంలో భాగంగా వారంలో కొన్ని రోజులు రాగి జావ ఇస్తుండటం ఈ దిశలో సరైన అడుగు.

అంబలికి ఒక పరిమితి ఉంది. చిక్కగా ఉంటుంది కాబట్టి కడుపులోంచి దిగడానికి సమయం పడుతుంది. ఆటకు గంటా గంటన్నర ముందో, ఆట ముగిశాకో తాగాలి తప్ప మధ్యలో కాదు.

కొబ్బరి నీళ్లు, ఉద్దానం

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి బొండాం అంటే పెరటి పానీయం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలను నేలమట్టం చేసినా, కొబ్బరి అక్కడి జీవనాధారంగానే నిలిచింది. కొబ్బరి నీళ్లలో తీపి తక్కువ, 100 మిల్లీలీటర్లకు 3 నుంచి 5 గ్రాముల మధ్య. పొటాషియం మాత్రం చాలా ఎక్కువ, 200 మిల్లీగ్రాములకు పైమాటే. ఇక్కడే లెక్క కొంచెం తేడా పడుతుంది. చెమటలో ప్రధానంగా పోయేది సోడియం, కొబ్బరి నీళ్లు ప్రధానంగా ఇచ్చేది పొటాషియం. ఆరోగ్యవంతుడైన పిల్లాడికి బొండాంతో పాటు ఉప్పు చల్లిన జామకాయో, ఉప్పు వేరుసెనగలో ఇస్తే ఆ లోటు తీరుతుంది.

ఉద్దానంలో అదనపు ఆలోచన తప్పనిసరి. మూత్రపిండాల వ్యాధి ఈ ప్రాంతాన్ని దశాబ్దాలుగా పీడిస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వ్యాధికి ఒకే కారణమని ఎవరూ నిర్ధారించలేదు. నీటిలోని లవణాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఎండలో శ్రమతో పదేపదే నీరు కోల్పోవడం వంటి అనుమానాలు పరిశోధకుల ముందున్నాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి శరీరం పొటాషియాన్ని బయటకు పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. అందుకే ఇంట్లో ఎవరికైనా ఈ వ్యాధి ఉన్న పిల్లలకు ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, చేయించి, అవి సరిగా ఉన్నాయని తెలిశాకే కొబ్బరి నీళ్లను రోజువారీ పానీయంగా పెట్టుకోవడం మేలు. వ్యాధి ఉన్న పెద్దలు వైద్యుడు చెప్పనిదే బొండాం ముట్టకూడదు.

ఇదే కోణంలో తీపి పానీయాల మీద ఉన్న ఆధారాలు ఆందోళన కలిగిస్తాయి. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఎండలో పనిచేసే కూలీల్లో ఇలాంటి మూత్రపిండాల వ్యాధే కనిపించడంతో శాస్త్రవేత్తలు నీటి కొరత, చక్కెర పానీయాల పాత్రను పరిశీలించారు. నీరు కోల్పోయిన ఎలుకలకు మంచినీళ్ల బదులు తీపి పానీయం లాంటి ద్రవం ఇస్తే కిడ్నీల నష్టం పెరిగింది. 2019లో అమెరికాలోని బఫెలోలో 12 మంది ఆరోగ్యవంతుల చేత వేడిలో వ్యాయామం చేయించి కూల్ డ్రింకు తాగించినప్పుడు, నీళ్లు తాగినప్పటికంటే కిడ్నీ ఒత్తిడి సూచికలు ఎక్కువయ్యాయి. చిన్న అధ్యయనమే, ఉద్దానం వ్యాధికి ఇదే మూలమని దీన్నిబట్టి అనలేం. కానీ ఎండలో చెమటోడ్చిన పిల్లల దాహాన్ని చక్కెర నీళ్లతో తీర్చవద్దని చెప్పడానికి, అందులోనూ ఈ ప్రాంతంలో, ఇంతకంటే బలమైన కారణం వెతకనక్కర్లేదు. ఆట తర్వాత ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మందుల షాపులో అడిగి వేసుకునే అలవాటూ ఇంతే ప్రమాదం. నీరు తగ్గిన శరీరంలో అవి కిడ్నీలకు రక్త ప్రసరణను ఇంకా తగ్గిస్తాయి.

సహజమైనదంతా ఒకటే కాదు

సీసా పానీయం మానిపించి చెరకు రసం ఇస్తే మేలు చేసినట్టు అనుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. చెరకు రసంలో చక్కెర 12 నుంచి 15 శాతం దాకా ఉంటుంది, అంటే స్పోర్ట్స్ డ్రింకుకు రెట్టింపు. దానికి తోడు రోడ్డు పక్క ఐసు ఏ నీటితో చేసిందో తెలియదు. బెల్లం పానకంలో కొద్దిపాటి ఇనుము, లవణాలు ఉన్నా బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. ప్యాకెట్ పళ్ల రసాల సంగతి మరీ తికమక. గాఢ రసానికి నీళ్లు కలిపి తయారు చేసే వాటి మీద 100 శాతం పళ్ల రసం అన్న మాట తీసేయాలని 2024 జూన్‌లో ఆహార భద్రత సంస్థ ఆదేశించింది.

పానకాన్ని పూర్తిగా వదిలేయనక్కర్లేదు, పాళ్లు మార్చితే చాలు. లీటరు నీళ్లలో 30 గ్రాముల బెల్లం, పావు చెంచా ఉప్పు, రెండు నిమ్మకాయల రసం కలిపితే తీపి స్పోర్ట్స్ డ్రింకులో సగం, సోడియం దానికి కాస్త పైన. గంటన్నర దాటే ఆటకు ఇంట్లో చేసుకోగల సరైన పానీయం ఇది. వేసవిలో దొరికే తాటి ముంజలు నీటితో నిండిన చల్లని తిండి, ఆట తర్వాత బాగుంటాయి, లవణాల లోటు మాత్రం వాటితో తీరదు.

ఎవరికి ఏది

ఆర్మీ, పోలీసు ఎంపికల కోసం తెల్లవారుజామున 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసే పదిహేడు, పద్దెనిమిదేళ్ల యువకులు రెండు జిల్లాల్లోనూ ఎక్కువ. ఆ పరుగు ఐదారు నిమిషాల్లో ముగుస్తుంది, మొత్తం సాధన గంట దాటదు. వారికి పరుగు మధ్యలో తీపి పానీయం అవసరమే లేదు. అసలు లోపం ఖాళీ కడుపుతో పరిగెత్తడం. రాత్రి సరిగా తిని, లేచాక ఒక అరటిపండు, గ్లాసుడు నీళ్లు, తిరిగొచ్చాక అంబలి లేదా గుడ్లతో భోజనం చేస్తే చాలు.

వెయిట్‌లిఫ్టింగ్ ఇక్కడి గర్వకారణం. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట బిడ్డ కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయ్యారు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చారు. ఈ ఆటలో శ్రమ సెకన్లలో ముగిసి మధ్యలో విశ్రాంతి ఉంటుంది కాబట్టి సాధనలో నీళ్లు చాలు, తర్వాత మాంసకృత్తి ముఖ్యం. పాలు, పెరుగు, గుడ్లు, పప్పు, చేప అందుకు సరిపోతాయి. బరువు విభాగంలో ఇమడటానికి నీళ్లు మానేసి చెమట పట్టించుకోవడం మాత్రం ఎదిగే పిల్లలకు చాలా హాని.

కబడ్డీ, ఖోఖో వంటి ఆటల్లో మ్యాచ్ చిన్నది, టోర్నమెంటు పెద్దది. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య గ్లాసుడు ఉప్పు మజ్జిగ, ఒక అరటిపండు లేదా వేరుసెనగ చిక్కీ సరైన జత. రోజంతా ఎండలో క్రికెట్ ఆడేవారికి ప్రతి పదిహేను, ఇరవై నిమిషాలకు కొద్దికొద్దిగా నీళ్లు, గంటకోసారి మజ్జిగ లేదా పలుచని గంజి. ఆట లేని రోజున ఈ ఉప్పు పానీయాలేవీ అక్కర్లేదు. ఆవకాయ, అప్పడం, పచ్చళ్లతోనే మన భోజనంలో ఉప్పు కావలసిన దానికంటే ఎక్కువ ఉంది.

అమ్మాయిల విషయంలో నీరు తక్కువ తాగడానికి కారణం రుచి కాదు, మరుగుదొడ్డి. మైదానంలో శుభ్రమైన మరుగుదొడ్డి, తలుపుకు గడియ, లోపల నీళ్లు లేకపోతే ఉదయం నుంచి సాయంత్రం దాకా గొంతు తడుపుకోకుండా ఆడే అమ్మాయిలు ఎందరో ఉన్నారు. పోటీలు నిర్వహించేవారు పానీయాల గురించి ఆలోచించే ముందు ఈ ఏర్పాటు చూడాలి.

పోటీల రోజు ఏర్పాట్లు

ఇరవై మంది పిల్లలకు తలా ఒక 250 మిల్లీలీటర్ల గ్లాసు మజ్జిగ ఇవ్వడానికి ఒక లీటరు పెరుగు సరిపోతుంది. కాచి చల్లార్చిన నీళ్లు, మూత ఉన్న పాత్ర, పొడవాటి కాడ ఉన్న గరిటె, ఎవరి గ్లాసు వారిది. ఎండలో చిలికిన మజ్జిగను మూడు నాలుగు గంటలకు మించి ఉంచకూడదు. సీసాలు కొనక తప్పనిచోట లేబుల్ మీద 100 మిల్లీలీటర్లకు ఎంత చక్కెర ఉందో చూసి, దాన్ని సీసా పరిమాణంతో లెక్క కట్టాలి. ఒకసారికి (పర్ సర్వ్) అని రాసిన చిన్న లెక్క చూసి మోసపోకూడదు. ప్రథమ చికిత్స పెట్టెలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు అని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగైదు ఉండాలి. అవి వాంతులు, విరేచనాలు, తీవ్రమైన నీరసం వచ్చిన పిల్లల కోసం. పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, రుచి కోసం చక్కెర చేర్చకూడదు.

ఆడుతున్న పిల్లాడు తడబడుతూ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఏ పానీయమూ పోయకూడదు, స్పృహ సరిగా లేనప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ గాలి విసరాలి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు గుడ్డలు పెట్టాలి. ఒకరు ఆ పనిలో ఉండగానే ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి.